త్వరగా చీకటిపడే రోజులు

అక్టోబరు నెల ముగింపుకు వస్తోందంటే మా నంద్యాల ప్రాంతంలో పొద్దు ముందుగానే వాలిపోతుంది. జూన్ నెలలో సుమారు 6 గంటల 50 నిమిషాలకు ప్రవేశించే మగ్రిబ్ వేళ, నవంబరు తొలివారానికి 5 గంటల 45 నిమిషాల దరిదాపులకు చేరుతుంది. ఇషా వేళ కూడా 7 గంటలకే వచ్చేస్తుంది. వేసవిలో పనికీ నిద్రకూ నడుమ నలిగిపోయే సాయంత్రానికి ఈ ఋతువు ఒక గంటను అదనంగా ప్రసాదిస్తోంది. ఆ గంట ఎవరి చేతికి చేరుతోందన్నదే ఈ నెల మన ముచ్చట.

ముందుగా పగటి సంగతి చెప్పుకుందాం. మేము లెక్కలు రాసే ఎరువుల దుకాణానికి ఏడాది మొత్తంలో ఇదే రద్దీ కాలం. నల్లరేగడి నేలలో శనగ విత్తే రోజులివి. శనగ పైరు చాలావరకు నేలలో దాగిన తేమ మీదనే బతుకుతుంది. వాన వెలిసి, నేల అదును మీద ఉన్నప్పుడే విత్తనం పడాలి. ఆలస్యమైతే ఆ తేమ దక్కదు. అందువల్ల తెల్లవారీ తెల్లవారకముందే రైతులు దుకాణం అరుగు మీద కూర్చుని ఉంటారు. ఒకరికి జేజి 11 విత్తనం కావాలి, మరొకరికి డీఏపీ కావాలి, ఇంకొకరికి పాత బాకీకి గడువు కావాలి. ఎరువు బస్తా ఇవ్వాలంటే యంత్రం మీద వేలిముద్ర పడాలి. నలభై ఏళ్ళుగా గుంటక, పార పట్టిన వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ఒక వేలు కాకపోతే మరో వేలు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదటి వేలు. ఆ వృద్ధ రైతు ఓపికను చూస్తూ మనం విసుక్కోగలమా? జొహర్, అసర్ నమాజులు ఆ రద్దీలోనే నెరవేర్చుకుని, మగ్రిబ్ తర్వాత ఇంటి ముఖం పడతాం. ధర్మసమ్మతమైన సంపాదన కోసం పడే శ్రమ కూడా పుణ్యకార్యమేనన్న నమ్మకం ఆ అలసటను తేలికపరుస్తుంది.

ఇక ఇంటికి చేరిన తర్వాత మాటేమిటి? వినోదం అనగానే అదేదో ధర్మానికి దూరమైన విషయమని కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారు. దైవప్రవక్త (స) జీవితం ఈ భావనను సమర్థించదు. ఆయన తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, చాలాకాలం తర్వాత జరిగిన పందెంలో ఆయన గెలిచారు. పండుగనాడు అబిసీనియా వారు మస్జిదులో బల్లేల విన్యాసం చేస్తుంటే, ఆమెకు తనివితీరేవరకు ఆయన నిలబడి చూపించారు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలోనే చాలామంది నష్టపోతారని హెచ్చరించిన మహనీయులు కూడా ఆయనే. తీరిక దోషం కాదు. అది చేజారిపోవటమే దోషం.

మా ఇంట ఈ సాయంత్రాలు కొన్ని అలవాట్లను తెచ్చాయి. పెద్దబ్బాయి ఖత్తాతీ నేర్చుకుంటున్నాడు. ఏటవాలుగా చెక్కిన వెదురు కలం మొనను కాగితం మీద ఒత్తితే పలక ఆకారంలో ఒక చుక్క పడుతుంది. ఆ చుక్కే కొలబద్ద. అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలో, మిగతా అక్షరాలు దానికి ఏ పాళ్ళలో ఒదగాలో ఆ చుక్కలతోనే లెక్క. పదవ శతాబ్దంలో బాగ్దాదులో మంత్రిగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా పేరుతో ఈ పద్ధతి ప్రసిద్ధికెక్కింది. పిల్లవాడు ఒక్క అలిఫ్‌ను నలభైసార్లు రాస్తాడు. పగలంతా తొందరలో గడిపిన మన కళ్ళకు ఆ నిదానమే ఒక విశ్రాంతి.

మేడ మీద కుండీలలో మెంతులు చల్లాం. చలి మొదలయ్యే ఈ రోజులు మెంతికి అనువైనవి. నెల తిరగకముందే ఆకు కోతకు వస్తుంది. చిన్నవాడు రోజూ సాయంత్రం దీపం పట్టుకుని మరీ మొలకలను లెక్కపెట్టి వస్తాడు. గురువారం రాత్రి బైత్‌బాజీ. ఒకరు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిసిందో, ఎదుటివారు ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ చదవాలి. ఉర్దూ షేర్లు తరచుగా ‘హై’ అనే మాటతో ముగుస్తాయి కనుక, ‘యే’ అక్షరంతో మొదలయ్యేవాటిని నిల్వ చేసుకున్నవారిదే పైచేయి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఇంటిల్లిపాదీ ఒక్క చాప మీద కూర్చుంటే చాలు.

ఇంటిల్లిపాదీ అన్నామే, అక్కడే ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది.

ఇటీవల దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళాం. భోజనాల ముందు పిల్లలంతా బైత్‌బాజీకి కూర్చున్నారు. ఆ ఇంటి పెద్దమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ షేర్లు ఆమెకే వచ్చు. అవతలి జట్టు చదివిన షేర్ ‘జీమ్’తో ముగిసింది. అందరూ తడుముకుంటున్నారు. ఆమె కళ్ళు మెరిశాయి, పెదవి కదిలింది. అంతలో వంటింట్లో నుంచి పిలుపు వచ్చింది: “బేటీ, రొట్టెలు చెయ్యాలి, రామ్మా.” ఆమె మారుమాట లేకుండా లేచి వెళ్ళింది. ఆమె జట్టు ఓడిపోయింది. ఆమె తమ్ముళ్ళిద్దరూ చాప మీదనే ఉన్నారు. వారిని ఎవరూ పిలవలేదు. ఆ అమ్మాయి నాలుక మీద నిలిచిపోయిన ఆ షేర్ ఏదో మాకు ఇప్పటికీ తెలియదు.

పిలిచిన తల్లిని తప్పుపట్టటానికి ఈ మాట చెప్పటం లేదు. ఆమె కూడా ఒకనాడు ఏదో ఒక చాప మీద నుంచి లేచి వెళ్ళిన అమ్మాయే. ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేను చూడండి. జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు అప్పట్లో వాటికోసం రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పనులలో పాలుపంచుకున్న పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. పైగా అసలు పాలుపంచుకునే పురుషులే తక్కువ. అంటే పొద్దు త్వరగా వాలి ఇంటికి దక్కిన ఆ అదనపు గంట, వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళటం లేదు. మనం ఇంటికి ముందుగా వస్తే అక్కడ చేరేది మరో టీ కప్పు, మరో చిరుతిండి పళ్ళెం. మన విశ్రాంతి మరొకరికి పనిగా మారుతోంది.

హజ్రత్ ఆయిషా (ర)ను ఒకరు, దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగారు. ఇంటివారి పనులలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆమె తెలిపారు. తమ బట్టలు తామే కుట్టుకున్నట్లు, చెప్పులు తామే బాగుచేసుకున్నట్లు కూడా ఉల్లేఖనాలు ఉన్నాయి. అరబ్బు నేలను పాలించిన మహనీయులకు తక్కువతనం కాని పని, ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే మనకు తక్కువతనం ఎలా అవుతుంది?

కనుక మా ఇంట ఒక పద్ధతి ఏర్పరచుకున్నాం. మగ్రిబ్ నుంచి ఇషా వరకు వంటింటి పని అందరిదీ. కూర తరగటం మా వంతు, పిండి కలపటం పెద్దవాడి వంతు, కంచాలు కడగటం చిన్నవాడి వంతు. మొదట్లో రొట్టెలు ఏ దేశపటానికీ సరిపోలలేదు. ఇప్పుడు కాస్త గుండ్రదనం వచ్చింది. ఈ పనిని ‘అమ్మీకి సహాయం’ అని పిలవరాదన్నది మా ఇంటి నియమం. సహాయం అన్నామంటే ఆ పని ఆమెదేనని ఒప్పుకున్నట్లే కదా! ఇషా తర్వాత ఆమె తన అల్లిక బుట్ట తెచ్చుకుని చాప మీద కూర్చుంటుంది. పెళ్ళినాటి ఆ బుట్టలో సగం అల్లి వదిలేసిన రుమాలు ఒకటి ఉండేది. ఈ శరత్కాలంలో అది పూర్తయింది.

ఇషా తర్వాత నిరర్థకమైన కబుర్లతో పొద్దుపుచ్చటం దైవప్రవక్త (స)కు నచ్చేది కాదని మనకు తెలుసు. ఇంటివారితో ఆత్మీయంగా మాట్లాడుకోవటం, విద్య నేర్చుకోవటం ఆ కోవలోకి రావని పండితులు వివరించారు. నిజానికి నేడు ఇళ్ళలో కబుర్లు ఎక్కువై రాత్రులు పాడవటం లేదు. నలుగురూ నాలుగు మూలలా నాలుగు ఫోన్లలో మునిగిపోయి, మాటలే కరువై పాడవుతున్నాయి. పదిగంటలకు దీపం ఆర్పగలిగితే ఫజ్ర్‌కు లేవటం భారమనిపించదు. శనగ విత్తే రైతు కూడా అప్పటికే లేచి ఉంటాడు.

ప్రియ పాఠకులారా! ఈ చిన్న పగళ్ళు మరో రెండు మూడు నెలలే. ఈ వారంలో ఏదో ఒక సాయంత్రం మీ ఇంటి చాప పరిచి, దాని మీద ఎవరు కూర్చున్నారో ఒక్కసారి లెక్కించండి. ఒకరు తక్కువైతే, ఆట మొదలుపెట్టకండి. వంటింట్లోకి వెళ్ళి ఆ మిగిలిన పనేదో ముగించి, ఆమెను వెంటబెట్టుకుని రండి. రెండు సాయంత్రాలు అలా వెళితే మూడవనాడు పిల్లలే మనకన్నా ముందు లేస్తారు, ఇన్షా అల్లాహ్.