కురిసిన చినుకు మన చేనులోనే ఇంకాలి

వేసవి వస్తే తర్లుపాడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో నీటి లెక్క ట్యాంకర్లలోనే సాగుతుంది. ఊరికి రోజుకు ఎన్ని ట్యాంకర్లు, వీధికి ఎన్ని, ఇంటికి ఎన్ని బిందెలు. అదే లెక్క ఒకసారి మన చేనుకు వేసి చూద్దాం. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే దాదాపు 4 వేల లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్ల మంచి పదును వాన పడితే లక్ష లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 20. ఐదెకరాల రైతు చేను మీద ఒక్క సాయంత్రం 100 ట్యాంకర్ల నీరు దిగుతుంది. దానికి అర్జీ పెట్టనక్కర లేదు, బిల్లు కట్టనక్కర లేదు.

ఆ 100 ట్యాంకర్లలో మన చేనులో నిలిచినవి ఎన్ని? వాన వెలిసిన గంటకు వాగు దగ్గరికి వెళ్ళి చూస్తే జవాబు తెలుస్తుంది. నీళ్ళు ఎర్రగా పారుతుంటాయి. ఆ ఎరుపు మన చేను మట్టిదే. పది రోజులు ఎండ కాసేసరికి అదే చేనులో కంది ఆకు వాలిపోతుంది. మన కరువులో సగం ఆకాశానిదైతే మిగతా సగం నీటిని పట్టుకోలేని నేలది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఇది వెలిగొండకు బదులుగా చెప్పే మాట కాదు. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల కింద రెండు సొరంగాల ద్వారా తెచ్చి, నాలుగు లక్షల పైచిలుకు ఎకరాలకు పారించాలన్నది లక్ష్యం. ఒక తరం రైతులు ఆ నీటి కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు. ప్రతి ఎకరాకు నీరు అందేదాకా, నిర్వాసితులందరికీ పూర్తి పరిహారం దక్కేదాకా ఆ పోరాటం ఆగదు. అయితే కాలువ వచ్చేలోగా మన నేల చచ్చిపోతే, వచ్చిన నీటిని కూడా అది నిలుపుకోలేదు. పెంకు కట్టిన చేనుకు వాన నీరైనా కాలువ నీరైనా ఒకటే, పైపైన జారిపోతుంది.

నేల ఎందుకు ఇలా అయింది? పంట తీసింది మొదలు తొలకరి దాకా నెలల తరబడి చేను బోసిగా ఎండకు మాడుతుంది. పత్తి కట్టె, కంది కట్టె చేలోనే తగలబెడతాం. ఏటా రోటవేటర్ తిప్పడంతో పై మట్టి పిండి అవుతుంది, దాని కింద గట్టిపొర పడుతుంది. ఆ పిండి మీద పెద్ద చినుకు పడితే సన్నని రేణువులు చెదిరి సందులన్నీ పూడ్చేస్తాయి. ఆరగానే పైన పెంకు. తర్వాతి వాన దాని మీద నుంచి పరుగెత్తుతుంది.

దీనికి రైతు సోమరితనం కారణమని అనేవాళ్ళున్నారు. అది అన్యాయం. మేత లేక పశువులను అమ్ముకున్నాం, వాటితో పాటే పెంటదిబ్బ పోయింది. కూలి భరించలేక కట్టెకు నిప్పు పెట్టాం. అప్పు ఇచ్చిన దుకాణంలోనే విత్తనం, మందు కొనాల్సి రావడంతో పంట కూడా అతను చెప్పిందే అయింది. నేల దిగజారడం వెనుక రైతు దిగజారిన బతుకుంది. అందుకే నేలను బాగుచేసే పని సలహాలతో తీరదు.

అయినా పని మన చేతుల్లో మొదలు కావాల్సిందే. ముందుగా ప్రతి రైతూ ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. చేను మధ్య నుంచి ఎండిన మట్టిగడ్డ ఒకటి, ఏళ్ళ తరబడి దున్నని గట్టు నుంచి ఇంకొకటి తీసుకుని రెండు గాజు గ్లాసుల నీళ్ళలో మెల్లగా వదలండి. చేను గడ్డ చూస్తుండగానే బురదగా కూలి, గట్టు గడ్డ చాలాసేపు నిలిచిందంటే తేడా గడ్డి వేళ్ళదే. బతికున్న వేరు మట్టిలోకి తీపి రసాలు వదులుతుంది. వాటిని తిని బతికే సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు మట్టి రేణువులను జిగురులా అతికి ఉంచుతాయి. ఆ అతుకుల మధ్య సందుల్లోనే నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే దాన్ని తక్కువ కిందే లెక్కిస్తారు. మీ పత్రం తీసి ఆ అంకె ఎంతుందో చూడండి.

నేలను మళ్ళీ బతికించే పద్ధతులు మన రాష్ట్రంలోనే సాగుతున్నాయి. రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. అందులో మన మెట్టకు ఎక్కువగా పనికొచ్చేది వానకు ముందే చేసే పొడి విత్తు. జొన్న, సజ్జ, కొర్ర, పెసర, అలసంద, ఉలవ, జనుము, నువ్వు, ఆముదం లాంటి రకరకాల విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద పట్టించి ఎండు నేలలోనే చల్లుతారు. ఆ పొర విత్తనాన్ని చీమలు, పిట్టల నుంచి కాపాడుతుంది. పదును తగలగానే మొలుస్తుంది. ఖరీఫ్ పైరు వేసే లోపు నేలకు నీడ, పశువుకు మేత, మట్టిలో వేరు మూడూ దక్కుతాయి. కోసిన చెత్తను కాల్చకుండా చేను మీద పరిస్తే చినుకు దెబ్బ నేలకు తగలదు.

ఇందులో పూర్తిగా కొత్తదేమీ లేదు. వాలుకు అడ్డంగా దున్నడం, కందిలో సజ్జో కొర్రో కలిపి వేయడం, గొర్రెల మంద పెట్టించడం, చెరువు మట్టి చేనుకు తోలడం మన పెద్దలు చేసినవే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువును 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు. ఎగువ చేల నుంచి కొట్టుకొచ్చే మట్టి ఏ చెరువుకైనా పూడిక. ఆ మట్టి పైనే నిలిస్తే చేనూ బాగుంటుంది, చెరువూ బాగుంటుంది.

అయితే ఇది ఒక్కడు చేసే పని కాదు. ఊరంతా బోసిగా ఉన్న వేసవిలో ఒక్క చేను పచ్చగా ఉంటే ఊరి మేకలన్నీ అక్కడే చేరతాయి. అది మేకల కాపరి తప్పు కాదు, అతనికి మేత ఎక్కడుంది? గొర్రెల కాపరులతో కూర్చుని ఏ చేను ఎప్పుడు మేపాలో, మంద ఎక్కడ పెట్టాలో ఊరి కట్టుబాటు చేసుకోవాలి. నీరు పై నుంచి కిందికి వస్తుంది గనుక పని కూడా వాలు పై నుంచే మొదలు కావాలి.

ఇంకో ప్రమాదం ఉంది. పది మంది కష్టపడి ఇంకించిన నీటిని ఒక్కరు లోతు బోరు వేసి తోడేస్తే మొత్తం శ్రమ వృథా. వందల అడుగులకు దిగి అప్పులు, ఫ్లోరైడ్ నీళ్ళు తెచ్చుకున్న అనుభవం మనకుంది. దీనికి దారి చూపిన పాఠమూ మన జిల్లాలోనే ఉంది. రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే పథకం ఒకటి, దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఊరి రైతులు, ఆడవాళ్ళతో సహా, వాన ఎంత పడిందో, బోర్లలో నీటిమట్టం ఎంతుందో తామే కొలిచారు. రబీకి ముందు సభ పెట్టి, భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని గోడ మీద లెక్క రాశారు. ఆ గోడ మీది లెక్క ప్రతి ఊళ్ళో మళ్ళీ రాయాలి.

ఈ దారిలో అద్భుతాలు లేవని కూడా చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి యూరియాకు అలవాటుపడిన నేలలో ఒక్కసారిగా ఆపితే మొదటి పంటల్లో దిగుబడి తగ్గవచ్చు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క ఆజ్ఞతో నిషేధించింది. పంటలు దెబ్బతిని, రైతులు వీధికెక్కి, కొద్ది నెలలకే వెనక్కి తగ్గింది. అందుకే ఉన్న భూమిలో ఒక ముక్కతో మొదలుపెట్టి, ఫలితం కళ్ళతో చూసుకుని, తర్వాత పెంచుకుందాం. 'ప్రకృతి వ్యవసాయం చేయండి' అంటూ ఎరువుల సబ్సిడీకి కోత పెట్టే ఆలోచనను మాత్రం ఒప్పుకోం. కేంద్రం ఏటా ఎరువుల సబ్సిడీకి లక్షన్నర కోట్లకు పైగా ఖర్చు చేస్తోంది. జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కు 2024లో ప్రకటించింది 2,481 కోట్లు. మార్పు భారమంతా రైతు నెత్తిన వేసి మాటలతో సరిపెడితే కుదరదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కౌలుది. నేల కోలుకోవాలంటే కనీసం మూడు నాలుగేళ్ళు పడుతుంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలకే. అదీ భూయజమాని సంతకం పెడితేనే. వచ్చే ఏడు ఈ చేను తనకే ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు ఎరువు ఎందుకు తోలతాడు? నేల బాగుపడితే కౌలు పెంచుతారని, లేదా చేను మరొకరికి ఇస్తారని అతని భయం. ఆ భయం తీర్చకుండా నేలను బాగుచేయడం గురించి ఎన్ని శిక్షణలు పెట్టినా అవి సొంత భూమి ఉన్నవాళ్ళ వరకే.

కనుక ప్రభుత్వాన్ని మనం అడుగుతున్నవి ఇవి. యజమాని సంతకం షరతు తీసేసి, నేల బాగుచేసే కౌలు రైతుకు కనీసం ఐదేళ్ళ రక్షణ ఇవ్వాలి. మార్పు కాలంలో తగ్గిన దిగుబడికి ఎకరాకు పరిహారం చెల్లించాలి. వానకు ముందు వేసే మిశ్రమ విత్తనాలు ఏప్రిల్ నాటికే రైతు సేవా కేంద్రాలకు ఉచితంగా చేరాలి. గట్లు, కందకాలు, పంట కుంటలు, పూడిక మట్టి తోలకం ఉపాధి పనుల్లో చేర్చి, చిన్న రైతుల చేలలోనే ముందు చేయాలి. కందికి, చిరుధాన్యాలకు మద్దతు ధరతో కొనుగోలు ఊళ్ళోనే జరగాలి. నేలకు మేలు చేసే పంట రైతు జేబుకు చేటు చేస్తే అది రెండో ఏడు నిలవదు.

మన శాఖలన్నీ ఈ నెల సభల్లో రెండు పనులు పెట్టుకోవాలి. ప్రతి ఊళ్ళో గ్లాసు నీళ్ళ మట్టిగడ్డ పరీక్ష చేసి అందరికీ చూపాలి. వాలు పైభాగాన పక్కపక్కనే చేలున్న పది మందిని కలిపి, తలా అర ఎకరాతో మొదలుపెట్టించాలి. వారిలో కౌలు రైతులు తప్పకుండా ఉండాలి. కాపరులనూ సభకు పిలవాలి.

వెలిగొండ నీటి కోసం రోడ్డెక్కుదాం. ఆ నీరు వచ్చేలోగా మన చేను మీద దిగే 100 ట్యాంకర్లను వాగుపాలు కానివ్వకుండా చూసుకుందాం. రెండూ మన నీళ్ళే, రెంటినీ వదులుకోవద్దు.