దేవుణ్ణి అడగవచ్చునా?

ప్రతిసారీ డిపాజిట్లు, వడ్డీల గురించి రాసే నేను ఈసారి మనసుకు సంబంధించిన సంగతి ఒకటి రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం సిరుగుప్ప తాలూకాలోని హచ్చొళ్ళి ప్రాంతంలో పనిచేశాను. తుంగభద్ర ఆనకట్ట కట్టాక ఆంధ్ర నుంచి వరి పండించడానికి వచ్చిన మనవాళ్ళ క్యాంపులు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయన్నది మీకు తెలిసిందే. అలాంటి ఒక క్యాంపు నుంచి ఒకావిడ కొడుకు ఖాతా మూయించడానికి వచ్చింది. చేతికి అందివచ్చిన కుర్రాడు కాలువలో పడి పోయాడు. నామినీ తల్లే. క్లెయిమ్ ఫారం నేనే నింపి ఇచ్చాను. సంతకం చేయబోతూ ఆగింది.

"సార్, మీరూ చర్చికి వెళ్ళేవారే గదా. ఎందుకిలా చేశావని దేవుణ్ణి అడిగితే పాపమా? పరామర్శకొచ్చినవాళ్ళు అడక్కూడదన్నారు. మోకరిస్తే నాకు ఆ మాట తప్ప మరొకటి రావడం లేదు. అందుకని ప్రార్థనే మానేశాను" అంది.

నాకు మాట రాలేదు. మా తమ్ముడు పోయినప్పుడు నేను కూడా రెండేళ్ళు చర్చి గడప తొక్కలేదు.

ఆ రాత్రి బైబిలు తీశాను. నేను చదివింది బి.కాం., వేదాంతం కాదు. అయినా కొన్ని సంగతులు కళ్ళబడ్డాయి. కీర్తనలు 150 ఉంటే వాటిలో చాలా భాగం మొరలే. 88వ కీర్తన అయితే ఓదార్పు మాటే లేకుండా చీకటితోనే ముగుస్తుంది. విలాపవాక్యములు అని ఒక గ్రంథమే ఉంది. యోబు తన పదిమంది పిల్లల్నీ పోగొట్టుకుని దేవుడితో వాదానికి దిగాడు. స్నేహితులు దేవుడి పక్షాన వకాల్తా పుచ్చుకుని, తప్పు నీదే అన్నారు. చివరికి దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితుల్ని! లాజరు చనిపోయినప్పుడు అతని సహోదరి మార్త, సమయానికి రాలేదని యేసుతోనే అన్నది. ఆయన ఆమెను కసురుకోలేదు. సమాధి దగ్గరకు వెళుతూ తానూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సిలువ మీద ఆయన కేక కూడా 22వ కీర్తనలోని ప్రశ్నే.

మన తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణే నిలదీశాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని పేదవాడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు.

వారం తర్వాత డబ్బు కోసం ఆవిడ వచ్చినప్పుడు మార్త కథ చెప్పి, నాకు తెలిసిన బ్యాంకు భాషలో ఇలా అన్నాను: "అమ్మా, మేనేజరు గదిలోకొచ్చి గట్టిగా అడిగేవాడు ఇంకా మా ఖాతాదారుడే. మామీద నమ్మకం పోయినవాడు అడగడు, ఖాతా మూసి వెళ్ళిపోతాడు. మీరు అడగండి."

ఆవిడ ఏమీ అనలేదు. పంట నూర్పిళ్ళ తర్వాత మళ్ళీ కనిపించింది. "జవాబు రాలేదు సార్. కానీ రోజూ అడుగుతున్నా" అంది. నాకు ఆ మాట చాలు అనిపించింది. తర్వాతి ఆదివారం మా తమ్ముడి సంగతి నేనూ అడిగాను. నాకూ జవాబు రాలేదు. అయినా లేచి వచ్చేటప్పుడు గుండె కాస్త తేలికపడింది.

ఒక్క మనవి. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు దేవుడి తరఫున జవాబులు చెప్పకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా అతని పక్కన కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదే. నోరు విప్పాకే తప్పు మొదలైంది.

వచ్చే సంచికలో మళ్ళీ లెక్కల్లోకి వద్దాం. సెలవు.