రేవులో రాసిన పేరు ఊరి దాకా రావాలి



ఆరోగ్య పత్రికలో కస్టమ్స్ కాగితాల గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. అవి వ్యాపారుల సంగతి, మనకెందుకు అనుకుంటాం. కాని ఆ కాగితాలలో జరిగిన తప్పు చివరకు ఆసుపత్రి మంచం మీద బయటపడుతుంది. అందుకే ఈ మాట రాస్తున్నాము.

ఆల్కహాలు అంటే ఒకే పదార్థం కాదు. సారాలో మత్తునిచ్చేది ఇథనాల్. జిగురు, రంగులు, మందుల తయారీలో వాడే మిథనాల్ వేరు. రెండూ చూడటానికి నీళ్లలాగే ఉంటాయి. రుచి చూసి కూడా తేడా చెప్పలేము. మిథనాల్ ఒంట్లోకి వెళ్లి ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. పది మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు, చూపు పోగొట్టవచ్చు. ముప్పై మిల్లీలీటర్లు ప్రాణమే తీయవచ్చు.

మన దేశం వాడే మిథనాల్‌లో ఎక్కువ భాగం విదేశాల నుంచి ఓడలలో వస్తుంది. దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీలో సరుకు పేరు సరిగా రాయాలి. మిథనాల్ 2905 శీర్షిక కిందికి, ఇథనాల్ 2207 కిందికి వస్తాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం, వీలైతే 30 రోజుల ముందు, ఆలస్యమైనా దిగుమతి రోజుకల్లా, ఎంత సరుకు ఏ రేవుకు వస్తుందో, దాని భద్రతా సమాచారం ఏమిటో అధికారులకు తెలియజేయాలి. అనుమానముంటే కస్టమ్స్ వారు నమూనా తీసి పరీక్షకు పంపవచ్చు. రోడ్డెక్కిన ట్యాంకరు మీద ప్రమాద సూచికతో పాటు 1230 అనే అంకె ఉండాలి. అది మిథనాల్‌కు అంతర్జాతీయ గుర్తు.

ఇంతవరకు బాగానే ఉంది. ట్యాంకరు నుంచి డ్రమ్ములోకి, డ్రమ్ము నుంచి డబ్బాలోకి మారేటప్పుడే ఆ పేరు చెరిగిపోతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాల్ కలిసిన సారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన ఇరవై మందికి పైగా పసిపిల్లలు మరణించారు. ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్లు పరీక్షలో తేలింది. అదీ పరిశ్రమలలో వాడే ద్రావకమే. మందులో దానికి అనుమతించిన హద్దు 0.1 శాతం మాత్రమే.

తనిఖీల వల్ల సరుకు ఆలస్యమవుతుందని వ్యాపారులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాగితాల పని త్వరగా సాగాలి, పరీక్ష మాత్రం మానకూడదు. పైడిభీమవరం వంటి చోట్ల మందుల పరిశ్రమలు మన మధ్యనే ఉన్నాయి, విశాఖ రేవు దగ్గరలోనే ఉంది. కాబట్టి ఇది దూరపు సంగతి కాదు. పారిశ్రామిక ఆల్కహాలును నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇలాంటి ద్రవాలు ఎవరు కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్న లెక్క చివరి డబ్బా వరకు ఉండాలని మేము కోరుతున్నాము.

మన వంతు పని కూడా ఉంది. రసాయనాలు తెచ్చిన ఖాళీ డ్రమ్ములలో పెళ్లిళ్లకు, పండుగలకు నీళ్లు పట్టవద్దు. థిన్నరు, స్పిరిటు వంటివి మంచినీళ్ల సీసాలలో పోసి పెట్టవద్దు. పేరులేని సీసాలోని మందు పిల్లలకు పట్టవద్దు.

కల్తీ సారా తాగినవారికి మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. పన్నెండు గంటలకో, ఒక రోజుకో కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి, కళ్లముందు మంచు కమ్మినట్లవుతుంది. నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోవద్దు, నాటువైద్యం చేయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. సీసా ఉంటే వెంట తీసుకురండి. త్వరగా వస్తే విరుగుడు మందు, డయాలసిస్ ప్రాణాన్నీ చూపునూ కాపాడగలవు.

తాగిన సంగతి తెలిస్తే సంఘంలో పరువు పోతుందని కొందరు కుటుంబీకులు దాచిపెడతారు. దయచేసి అలా చేయకండి. ఏం తాగారో, ఎప్పుడు తాగారో వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పండి. రేవులో దిగుమతిదారు నిజం రాయాలని అడిగే మనం, ఆసుపత్రి గుమ్మంలో నిజం చెప్పడానికి వెనుకాడకూడదు.