పాదాలతో చేసే ప్రార్థన

మంత్రం రానివారు, శాస్త్రం చదవనివారు సైతం భగవంతుని అర్చించడానికి మన పెద్దలు ఏర్పరచిన సులభమార్గం ప్రదక్షిణ. నడకనే ప్రార్థనగా మలచుకునే సంప్రదాయం క్రైస్తవులలోనూ ఉన్నదని తెలిసినప్పుడు ఆశ్చర్యంతో పాటు ఆత్మపరిశీలన కూడా కలుగుతుంది.

ఈస్టర్ పండుగకు ముందు, ఆదివారాలు మినహా నలభై రోజులు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలలో గడుపుతారు. ఆంగ్లంలో లెంట్ అని పిలిచే ఈ దీక్షను తెలుగు కతోలికులు తపస్సు కాలమంటారు. విభూతి బుధవారం నాడు నుదుట బూడిద ధరించి దీనిని ఆరంభిస్తారు. పాశ్చాత్య దేశాలలోని కొన్ని చర్చిలలో ఈ రోజులలో ‘లాబిరింత్’ నడక ఒక సాధనగా సాగుతుంది. నేలపై వలయాలుగా తీర్చిన దారి వెంట మౌనంగా నడిచి, కేంద్రంలో కొంతసేపు ధ్యానించి, అదే దారిన వెనుకకు రావడమే ఈ సాధన.

వీటిలో ప్రసిద్ధమైనది ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథడ్రల్‌లో ఉన్నది. 13వ శతాబ్ది ఆరంభంలో నేలరాళ్లలో పొదిగిన ఈ చక్రం వ్యాసం సుమారు 13 మీటర్లు. మధ్యలో ఆరు రేకుల పుష్పం, దాని చుట్టూ 11 వలయాలు. అంచు నుంచి కేంద్రానికి సూటిగా వెళితే ఏడు మీటర్లయినా లేదు. దారి వెంట నడిస్తే 260 మీటర్లకు పైమాటే.

పద్మవ్యూహం అనగానే మనకు అభిమన్యుడు గుర్తుకు వస్తాడు. ఆ బాలవీరునికి ప్రవేశం తెలుసు, నిష్క్రమణ తెలియదు. ఇక్కడ ఆ భయం లేదు. ఉన్నది ఒకే దారి, తప్పిపోయే ప్రసక్తే లేదు. అయినా పరీక్ష ఉన్నది. నడక మొదలైన కొద్దిసేపటికే కేంద్రం చేరువలోకి వస్తుంది. ఇక చేరినట్లే అనుకునేంతలో దారి మలుపు తిరిగి, చివరకు వెలుపలి అంచు దాకా తీసుకుపోతుంది. దూరమైనట్లు తోచిన ఆ అడుగు కూడా గమ్యం వైపు వేసినదేనని నమ్మి నడవడమే ఇందులోని తపస్సు. ప్రదక్షిణలో మాత్రం స్వామి ఎల్లవేళలా మన కుడివైపునే ఉంటాడు. పద్ధతులు వేరు, కోరే ఏకాగ్రత ఒక్కటే.

ఈ దారి చరిత్ర కూడా ఒక పాఠమే. ఫ్రాన్స్‌లోనే ఉన్న రాన్స్ కెథడ్రల్‌లో ఇటువంటి చక్రాన్ని 1779లో తొలగించివేశారు. పిల్లలు దానిపై ఆడుతూ పూజలకు భంగం కలిగిస్తున్నారన్నది ఫిర్యాదు. షార్త్ర్ చక్రం నిలిచింది కాని, కుర్చీల వరుసల కింద కనుమరుగైంది. 1990వ దశకంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్‌కు చెందిన లారెన్ ఆర్ట్రెస్ అనే మహిళా పురోహితురాలు ఈ నడకకు మళ్లీ ప్రాచుర్యం తెచ్చారు. బైబిల్‌లో చెప్పని సాధన ఎందుకని ఆక్షేపించే క్రైస్తవులూ లేకపోలేదు. ఇప్పుడు షార్త్ర్‌లో లెంట్ మొదలుకొని శుక్రవారాలలో కుర్చీలు తొలగించి భక్తులకు దారి ఇస్తున్నారు.

పరమతాచారంతో మనకేమి పని అని కొందరు అడగవచ్చు. ఆ నడక మనం నడవనక్కరలేదు. మరుగున పడిన దారిని వారు వెదకి తెచ్చుకున్నారు. మన దారి ఏనాడూ మరుగున పడలేదు. కాని దానిపై నడిచే మన మనసు ఎక్కడున్నది? ఒక చేత సెల్‌ఫోన్, నోట ఇంటి ముచ్చట్లు, చూపు గడియారం మీద. పదకొండు ఎప్పుడవుతాయా అన్న ఆత్రమే తప్ప, గర్భగుడిలోని స్వామి స్మరణ ఎన్ని అడుగులలో నిలుస్తున్నది? శ్రద్ధ లేని ప్రదక్షిణ కుర్చీల కింద దాగిన దారి వంటిదే. ఉన్నదన్న మాటే గాని ఎవరినీ చేర్చదు.

ఈసారి ఆలయానికి వెళ్లినప్పుడు లెక్కను కాస్త పక్కన పెట్టి, మూడు ప్రదక్షిణలైనా మౌనంగా, నెమ్మదిగా చేసి చూద్దాం. పిల్లలనూ చేయి పట్టుకుని వెంట నడిపిద్దాం. అడుగడుగునా స్వామి తలపులో ఉంటే ఆ మూడే చాలు.