గట్టు మీద నిలబెట్టి బిజినెస్ చెయ్యమంటున్నారు

ఈమధ్య మా మాదిగపల్లెకి బిజినెస్ వచ్చింది. ఫ్లెక్సీ మీద వచ్చింది. యువత వ్యవసాయంలోకి రావాలంట. అగ్రి బిజినెస్‌లో లాభాలు పండించాలంట. ఉద్యోగాలు అడిగేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు కావాలంట. ఫ్లెక్సీలో ఒక కుర్రోడు చేతిలో ట్యాబు పట్టుకొని నవ్వుతుంటాడు. వాడి వెనకాల పచ్చటి మడి. ఆ మడి ఎవరిదో మాత్రం ఫ్లెక్సీ చెప్పదు. నేనడిగేది అదొక్కటే. మడి ఎవరిది?

వ్యవసాయంలోకి రమ్మని ఎవర్ని పిలుస్తున్నారయ్యా? మేం అందులోంచి ఎప్పుడు బయటికి పోయాం గనక? మా నాయన రేపల్లె పక్కన ఒక కామందు దగ్గర ఇరవై రెండేళ్లు పాలేరు. మా అమ్మ నాట్లేసింది, కలుపు తీసింది, కోత కోసింది, మినుము పీకింది, కుప్ప నూర్చినాక కళ్లం ఊడ్చి గింజలు ఏరుకుంది. నారుకట్ట చేత్తో పట్టుకొని ఎన్నాళ్ల నారో చెప్పేది. పసుపు కొమ్ము విరిచి, ఆ చప్పుడు విని, ఎండిందో లేదో చెప్పేది. ఇవాళ దాన్ని నైపుణ్యం అంటున్నారు. అప్పుడు దాని పేరు కూలి. చివరి రోజుల్లో ఆమె నడుము ఎట్టా వంగిపోయిందంటే మంచం మీద కూడా వంకరగానే పడుకునేది.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్వారు. తెనాలి, రేపల్లె, బాపట్ల చేలు మాగాణులయ్యాయి. వడ్లు మిల్లుకి పోయాయి, మిల్లు డబ్బు సినిమాకి పోయింది, సినిమా డబ్బు హైదరాబాదు స్థలాలకి పోయింది. తెనాలిని ఆంధ్రా పారిస్ అని మురిసిపోయారు. అది అగ్రి బిజినెస్ కాదా? వందేళ్లకు పైగా జరిగిన అసలు సిసలు బిజినెస్. అందులో మా పెట్టుబడి మా అమ్మ నడుము. మా వాటా పరిగె గింజలు. 1973లో భూ సంస్కరణల చట్టం వచ్చింది గదా అంటారు. వచ్చింది. దాంతోపాటే అల్లుళ్ల పేరున, పాలేర్ల పేరున బినామీ కాగితాలూ వచ్చాయి. చచ్చేదాకా తన పేరున ఎకరాలున్నాయని తెలియని పాలేర్లున్నారు.

బాపట్ల సంగతి చెప్పాలి. 1945 నుంచి అక్కడ వ్యవసాయ కాలేజీ ఉంది. 1986లో బాపట్ల వరి పరిశోధన నుంచి బి.పి.టి. 5204 వచ్చింది. సాంబ మసూరి అని దేశమంతా తింటుందే, ఆ బియ్యమే. బి.పి.టి. అన్న మూడక్షరాలు బాపట్ల పేరే. శాస్త్రవేత్తల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. గొప్ప పని చేశారు. కాకపోతే ఆ విత్తనం కాలేజీ గోడ దాటి మా మడుల్లోకి వచ్చినప్పుడు దాన్ని నాటింది ఎవరు? ఆ బియ్యం మా ఇంట్లో పండక్కి వండేవాళ్లం. మిగతా రోజులు కోటా బియ్యం.

ఇప్పుడు మావాడి కథ. మా అన్న కొడుకు బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదివాడు. మా పల్లెలో మొదటివాడు. నేను తెనాలిలో మాస్టరుగా చేసి రిటైరయ్యాను గనక వాడి ఫీజులో నాదీ ఒక చెయ్యి ఉంది. వాడికి ఉద్యోగం మీద ఆశ లేదు. "చిన్నాన్నా, దుగ్గిరాల యార్డుకి మన చుట్టుపక్కల పసుపంతా పోతంది. కొమ్ముగా అమ్మితే ఏముంది? ఉడకబెట్టి, ఎండేసి, పాలిష్ పట్టి, పొడి కొట్టి పాకెట్లు చేస్తే లాభం మనది" అన్నాడు. తప్పేముంది? ఫ్లెక్సీ చెప్పేదీ అదేగా. 

2002 నుంచి కేంద్రం అగ్రి క్లినిక్కులు, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం నడుపుతోంది. చదువుకున్నోళ్లకి శిక్షణ ఇస్తారు. బ్యాంకు అప్పిస్తే నాబార్డు ద్వారా సబ్సిడీ వస్తుంది. మామూలోళ్లకి 36 శాతం, ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్లకి 44 శాతం. ఆ ఎనిమిది పాళ్ల తేడా చూపించి చాలామంది మా మీద పడి ఏడుస్తారు. ఏడవద్దు బాబూ. బ్యాంకు అప్పిస్తేనే ఆ 44. అప్పు పుట్టకపోతే 44లో మిగిలేది సున్నా. మావాడు పోయిన బ్యాంకులో రిపోర్టు తిరగేసి బాగుందన్నారు. భూమి కాగితం ఏదన్నారు. కౌలుకి తీసుకుంటానన్నాడు. అయితే కౌలు కాగితం తెమ్మన్నారు.

కౌలు కాగితం! మా డెల్టాలో కౌలంటే నోటిమాట. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. పదకొండు నెలలకి కార్డు. ఆ కార్డు మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. ఇదెట్టా ఉందంటే, పిల్లికి గంట కట్టొచ్చు, పిల్లి ఒప్పుకోవాలి అన్నట్టుంది. మావాడు ఎకరంన్నర కౌలు మాట్లాడుకున్న ఆసామి దగ్గరికి నేను కూడా పోయాను. నా తెల్లచొక్కా చూసి కుర్చీ వేయించాడు. మావాడు నిలబడే ఉన్నాడు. "కాగితం ఏందిరా, నా మాట కాగితం కాదా? సంతకం పెడితే రేపు నువ్వే ఆసామివంటావు" అన్నాడు. పొద్దున వేరేవాడికి ఇచ్చేస్తానన్న బెదిరింపు ఆ నవ్వులోనే ఉంది. 

లెక్క కూడా వినండి. ఎకరానికి పాతిక బస్తాలు మక్తా. బాగా పండితే ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. వరి మొత్తం ఆసామికి, ఎరువుల కొట్టుకి. మా కౌల్దారు బతికేది రెండో పంట మీద. ఒకప్పుడు మినుము ఉండేది, పల్లాకు తెగులు దాన్ని తినేసింది. ఇప్పుడు వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేస్తున్నారు. దానికి ధర పడితే ఇల్లు గడుస్తది, పడకపోతే అప్పు పెరుగుద్ది. ఇందులో లాభసాటి కెరీర్ ఎవరిదో మీరే చెప్పండి. పెట్టుబడి లేకుండా, వాన భయం లేకుండా, పాతిక బస్తాలు ఇంటికి తెప్పించుకునేవాడిదే గదా.

ఇంతలో తెనాలిలో ఒక పురుగుమందుల కొట్టాయన కబురు పెట్టాడు. ఆ వ్యాపారానికి ఇప్పుడు చదువు అర్హత ఉండాలి. మావాడి సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుంటాడంట. నెలనెలా కొంత ఇస్తాడంట. "నువ్వు కొట్టుకి రానక్కర్లేదు అబ్బాయ్" అన్నాడంట. అదీ మా చదువుకి కట్టిన ధర. కాగితం గోడ మీద కూర్చోవచ్చు, మనిషి గల్లాపెట్టె దగ్గర కూర్చోకూడదు. మావాడు ఇవ్వనని వచ్చేశాడు. ఆ రోజు వాడి మీద నాకు కలిగిన గౌరవం డిగ్రీ వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఇంకొకటుంది, శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పనిది. సరుకుకి కులం అంటుద్ది. మా వదిన కార్పొరేషన్ అప్పుతో రెండు గేదెలు కొంది. ఊళ్లో ఇళ్లకి పోస్తే ఎవరూ పోయించుకోలేదు. పాల కేంద్రానికి పోస్తే తీసుకున్నారు. క్యానులో కలిస్తే కులం పోయింది, చెంబులో ఉంటే పోలేదు! పసుపు పాకెట్లకి మావాడు తన పేరూ ఇంటిపేరూ వేద్దామనుకున్నాడు. తెలిసిన షాపాయన, మంచివాడే, మెల్లగా చెప్పాడు: "ఇంటిపేరు తీసెయ్. ఏదైనా దేవుడి పేరు పెట్టు, పోద్ది." బ్రాండింగ్ అని మీరు క్లాసులు చెప్తారే, మాకు బ్రాండింగ్ అంటే మా నాయన పేరు దాచుకోవటం.

భూమి మాకు ఉండీ లేకుండా ఉన్నది ఒక్క లంకల్లోనే. కృష్ణ ఒడ్డున సొసైటీ పేరు మీద మా పెద్దలు దున్నుకున్న ఇసక మేటలు. 2009 అక్టోబరులో ఏరు తీసుకుపోయింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్లు మా అన్న వేసిన కంద, పసుపు కుళ్లబెట్టాయి. పరిహారం రాసుకునేవాళ్లు వచ్చి పట్టా ఎవరి పేరని అడిగారు. ఏటికి తెలుసు సాగు ఎవరిదో. కాగితానికి తెలియదు. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మకూడదని, కొనకూడదని 1977లో చట్టం ఉంది. అయినా చేతులు మారింది. 2023లో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డు భూమికి అమ్ముకునే హక్కు ఇచ్చారు. చేతిలో భూమి ఉన్నవాడికి మంచిదే. కానీ ఆకలికి అమ్ముకోవటాన్ని హక్కు అంటే నాకు నమ్మకం కుదరదు.

దేశం లెక్క కూడా ఒకటుంది. 2011 జనాభాలో ఎస్సీలు నూటికి 16 మందికి పైనే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగుభూమిలో మా చేతిలో ఉన్నది నూటికి 9 పాళ్లు కూడా లేదు. కమతం సగటు రెండెకరాలు నిండదు. మా డెల్టా పల్లెల్లో ఆ రెండెకరాలవాడిని వేలితో చూపించాలి.

తెనాలి నుంచి బాపట్ల రైలెక్కితే దారిలో చుండూరు తగులుద్ది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది మావాళ్లని నరికి, గోతాల్లో కుక్కి, తుంగభద్ర డ్రైన్లో పడేశారు. మిగిలినవాళ్లు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. దీనికీ అగ్రి బిజినెస్‌కీ ఏం సంబంధం అంటారా? ఆ ఊరి కుర్రాళ్లు చదువుకున్నారు, కొందరు రైల్వేలో చేరారు, మడి మీద ఆధారపడకుండా తల ఎత్తారు. ఆ తల కామందులకి కంటగింపయింది. మడిలోంచి బయటికి పోతే కోపం. మడికి యజమాని అవుతానంటే కోపం. మధ్యలో వంగి ఉన్నంతసేపే మేం మంచోళ్లం.

అందుకే చెప్తున్నాను. మాకు నలభై అయిదు రోజుల శిక్షణ ఇవ్వొద్దు, శిక్షణ మా అమ్మలు ఇచ్చారు. లంక సాగుదారుడికి వాడి పేరున పట్టా ఇవ్వండి. ఆసామి సంతకం లేకుండా, గ్రామసభ చెప్పిన మాట మీద కౌలు కార్డు ఇవ్వండి. కార్డు చూసి అప్పివ్వమని బ్యాంకుని అడగండి, మా ముందు అడగండి. మార్కెట్ యార్డులో కమీషన్ కొట్లలో మాకు వాటా రాయండి. హాస్టళ్లకి, అంగన్వాడీలకి కొనే పసుపూ కారమూ మా పిల్లల దగ్గర కొనండి, ఇంటిపేరుతో సహా.

మావాడు పసుపు పొడి ఆపలేదు. పొయ్యి మా పెరట్లోనే పెట్టాడు. ఎకరంన్నరకి మక్తా కట్టే గడువు సంక్రాంతి. ఆసామి ఇంకా సంతకం పెట్టలేదు. పాకెట్ల మీద వాడు ఇంటిపేరు వేశాడు.