బీరువా తాళంచెవి ఎవరి దగ్గర?

మీ బడిలో సైన్సు గది ఉందా? ఉంటే అందులో ఒక అద్దాల బీరువా కూడా ఉండే ఉంటుంది. దానిలో నాలుగు బీకర్లు, కొన్ని పరీక్షనాళికలు, ఒక సారాయి దీపం, రంగు వెలిసిన ఒక దండాయస్కాంతం, వెనక మూలన గుడ్డ కప్పిన సూక్ష్మదర్శిని ఉంటాయి. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు? పోయిన సంవత్సరం అది ఎన్నిసార్లు తెరుచుకుంది?

నేను చదువుకున్న బడిలో అది ఏడాదికి రెండుసార్లు తెరుచుకునేది. ఒకసారి తనిఖీ అధికారి వచ్చే ముందురోజు, దుమ్ము దులపడానికి. ఇంకోసారి వేసవి సెలవులకు ముందు, వస్తువులు లెక్క చూసుకోవడానికి. ఏదైనా పగిలితే ఎవరు కట్టాలన్న భయం మా మేష్టారిది. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. మేము మాత్రం ప్రయోగాల రికార్డు నిండా చక్కగా బొమ్మలు వేశాం, పట్టికలు గీశాం, రీడింగులు రాశాం, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఆ రీడింగులు ఎక్కడివంటారా? మాకంటే ఒక ఏడాది ముందు చదివినవాళ్ళ రికార్డులోవి. వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చాయో మేము అడగలేదు.

సమాజం మారుతున్నది కాబట్టి బడులూ విశ్వవిద్యాలయాలూ మారాలని పెద్దలు ప్రతి సభలోనూ చెబుతూ ఉంటారు. మీరూ విని ఉంటారు. మారడమంటే కొత్త భవనం, గోడకు పెద్ద తెర, బల్లమీద కంప్యూటరు అని చాలామంది ఉద్దేశం. ఇవి వద్దని నేననను. కాని ఒక బడి నిజంగా మారిందో లేదో తెలుసుకోవడానికి నేనైతే గోడల వంక చూడను. పరీక్ష ప్రశ్నపత్రం తెప్పించి చూస్తాను. పరీక్షలో ఏమి అడుగుతారో అదే తరగతిలో చెబుతారు, అదే ఇంట్లో చదివిస్తారు. పరీక్ష "నిర్వచింపుము" అన్నంతకాలం, గోడకు తెర ఉన్నా నల్లబల్ల ఉన్నా జరిగేది బట్టీపట్టడమే.

ఇది మార్చి చూపించిన చోటు ఒకటి మన దేశంలోనే ఉండేది. ఆ కథ మీకు చెప్పాలి.

మధ్యప్రదేశ్‌లో నర్మదానది ఒడ్డున హోశంగాబాద్ అనే జిల్లా ఉంది. ఇప్పుడు దానిని నర్మదాపురం అంటున్నారు. 1972లో ఆ జిల్లాలోని 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఒక కొత్త పని మొదలైంది. దానిని మొదలుపెట్టినవి రెండు స్వచ్ఛంద సంస్థలు. ఒకటి కిశోర్ భారతి, రెండవది రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్సును చెప్పడం మాని, చేయించడం మొదలుపెట్టారు.

పల్లెటూరి బడులు. వాటికి ప్రయోగశాల ఎక్కడిది? అందుచేత ప్రయోగశాలనే మార్చుకున్నారు. పువ్వును విప్పి లోపలి భాగాలు చూడటానికి కొనుక్కొచ్చిన సూదులు అక్కరలేదు, చేలగట్టున తుమ్మచెట్టు ఉంది, దానికి కావలసినన్ని ముళ్ళున్నాయి. ఆకులను ఈనెల అమరికను బట్టి గుంపులుగా వేరుచేయడానికి బడిచుట్టూ ఉన్న చెట్లే చాలు. మట్టిని పరీక్షించాలంటే ఎవరి పొలం మట్టి వారు తెచ్చుకుంటారు. పిల్లలు నలుగురేసి ఒక జట్టుగా కూర్చుని ప్రయోగం చేసేవారు. వాళ్ళ పుస్తకం పేరు 'బాల్ వైజ్ఞానిక్', అంటే బాల శాస్త్రజ్ఞుడు. అందులో ఏమి చేయాలో ఉంటుంది, ప్రశ్నలుంటాయి, జవాబులు మాత్రం ఉండవు. జవాబు పిల్లవాడి నోటుబుక్కులో ఉండాలి, అదీ వాడు చూసిందాన్ని బట్టి.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ పల్లెబడులకు వచ్చి పనిచేసినవారిలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులున్నారు, ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులున్నారు. పరమాణువులనూ కణాలనూ పరిశోధించేవారు ఆరవ తరగతి పిల్లల పక్కన నేలమీద కూర్చుని, "ఈ ప్రయోగం ఎందుకు సరిగా రాలేదు?" అని తల గోక్కున్నారన్నమాట. విశ్వవిద్యాలయం సమాజానికి దగ్గర కావాలంటే ఎలాగని పెద్ద పెద్ద నివేదికలు రాస్తారు. ఇలాగే! బడి మేష్టర్లు కూడా వేసవిలో శిక్షణకు వచ్చి, ముందు తామే ఆ ప్రయోగాలు చేసేవారు. ఆ తరువాత నెలకొకసారి కలుసుకుని, తమ తరగతిలో ఏది కుదిరిందో ఏది కుదరలేదో చెప్పుకునేవారు. పిల్లలకు తోచిన సందేహాలు రాసి పంపడానికి 'సవాలీరామ్' అని ఒకాయన ఉండేవాడు. అలాంటి మనిషి ఎవరూ లేరు సుమా! అది కల్పించిన పేరు. ఉత్తరాలకు జవాబులు మాత్రం నిజంగానే వచ్చేవి.

1978లో ఈ పద్ధతిని జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరింపజేశారు. 1982లో ఏర్పడిన 'ఏకలవ్య' అనే సంస్థ ఆ బాధ్యత తీసుకున్నది. తరువాత అది ఇతర జిల్లాల్లోని బడులకూ వెళ్ళింది.

ఇక పరీక్ష సంగతి. ఆ పరీక్షకు పిల్లలు పుస్తకం తీసుకెళ్ళవచ్చు! నోటుబుక్కు కూడా తీసుకెళ్ళవచ్చు. రాతపరీక్షతోపాటు చేతులతో చేసి చూపించే పరీక్ష వేరే ఉండేది.

ఇది విని మీకు సంతోషం వేసి ఉంటుంది. కొంచెం ఆగండి. పుస్తకం తెరిచి రాసే పరీక్ష తేలిక అనుకుంటే పొరపాటు. ఒక ఉదాహరణ నేనే తయారుచేసి ఇస్తాను. నలుగురు పిల్లలు ఒకే బల్ల పొడవు కొలిచారు. వాళ్ళు రాసినవి 124 సెంటీమీటర్లు, 124.5, 125, 142. వీటిలో ఏ కొలతను మీరు మళ్ళీ చూస్తారు? ఎందుకు? మిగతా మూడు కొలతలు కూడా ఒక్కటిగా ఎందుకు లేవు? మీ పుస్తకంలో ఏ పేజీ తిప్పినా దీనికి జవాబు దొరకదు. 142 రాసిన పిల్లవాడు బహుశా 124ను తిరగేసి రాశాడని తట్టాలంటే, మీరెప్పుడైనా కొలత రాసుకుంటూ అలా పొరపాటు పడి ఉండాలి. 124కూ 125కూ తేడా పొరపాటు కాకపోవచ్చునని, కొలవడమనే పనిలోనే కొంత తేడా ఉంటుందని తెలియాలంటే, స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచి రెండుసార్లూ ఒకే అంకె రాక విసుక్కుని ఉండాలి.

మీలో చురుకైనవారు ఇప్పుడొక ప్రశ్న వేస్తారు. "ఇదంతా పాతకాలం మాట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అలాంటి యంత్రాన్ని అడిగితే మీ బల్ల లెక్కకు కూడా క్షణంలో జవాబు చెబుతుంది కదా?" అని. నిజమే, చెబుతుంది. నేను కాదనను. నిర్వచనాలు చెప్పే పుస్తకం జేబులో పెట్టుకు తిరిగే రోజుల్లో నిర్వచనాల పరీక్షకు అర్థం పోయింది. కారణాలు కూడా చెప్పే యంత్రం వచ్చాక, కేవలం కాగితంమీద పెట్టే పరీక్ష ఏదైనా సరే సగం అర్థం పోగొట్టుకున్నది. అందుకే హోశంగాబాద్ పరీక్షలోని రెండవ భాగం, అంటే చేసి చూపించే భాగం, 1972లో కన్నా నేడు ఎక్కువ అవసరమైందని నా అభిప్రాయం. మీ పెరటి మట్టిని యంత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. మీ జట్టు నిన్న కొలిచిన బల్లను అది చూడలేదు. మీరు ఇచ్చిన అంకెలను అది నమ్ముతుంది. ఆ అంకెలు పాత రికార్డులోంచి ఎత్తి రాసినవైతే, అది వాటిమీదే ఎంతో అందమైన వివరణ రాసి ఇస్తుంది. మా రికార్డు పుస్తకాల పద్ధతికి దానికంటే మంచి సహాయకుడు దొరకడు!

మరి అంత మంచి పద్ధతి ఏమైంది? 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దానిని ఆపివేసింది. అప్పటికి దాని వయస్సు 30 ఏళ్ళు. రాష్ట్రమంతటా ఒకే పాఠ్యపుస్తకం ఉండాలన్నది ఒక వాదన. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు పై తరగతుల్లో వెనుకబడిపోతున్నారన్నది మరొకటి.

ఈ రెండవ వాదనను తోసిపారేయకండి. దానివెనుక తల్లిదండ్రుల భయం ఉంది. ఆలోచించి చూడండి. ఎనిమిదవ తరగతి దాకా పుస్తకం తెరిచి పరీక్ష రాసిన పిల్ల తొమ్మిదిలోకి అడుగుపెట్టగానే మళ్ళీ పాత రకం పుస్తకం, పాత రకం ప్రశ్నలు, ఆ వెంటనే పదవ తరగతి పబ్లిక్ పరీక్ష. ఆ మార్కుల మీదే ముందు చదువు, ఉద్యోగం. కూలికి వెళ్ళి బిడ్డను చదివించుకునే తండ్రి, "మా పిల్లకు ఆలోచించడం వచ్చింది, మార్కులు రాకపోయినా ఫరవాలేదు" అని ఎందుకంటాడు? అనమని చెప్పే హక్కు మనకు లేదు. తప్పు ఆయనది కాదు, పిల్లలది కాదు, తుమ్మముళ్ళదీ కాదు. కింది మూడు తరగతులు మారి పై తరగతులు మారకపోవడంలో ఉంది. మెట్లలో మూడింటి ఎత్తు మార్చి, పైమెట్లు పాత ఎత్తునే ఉంచితే ఎక్కేవాడు తొట్రుపడడా? పైమెట్టు ఎవరి చేతిలో ఉంది? పదవ తరగతి బోర్డు, ఇంటర్మీడియట్ బోర్డు, వాటికి పైన ప్రవేశ పరీక్షలు, విశ్వవిద్యాలయాలు. విశ్వవిద్యాలయంలో చేరడానికి ఏమి అడుగుతారో చివరకు ఆరవ తరగతిలో అదే చెబుతారు. నన్నడిగితే మార్పు పైనుంచి కూడా దిగిరావాలి. కింద నుంచి మాత్రమే ఎక్కించబోతే 30 ఏళ్ళ శ్రమ ఒక్క ఉత్తర్వుతో పోతుంది.

విశ్వవిద్యాలయాలు మారలేవని మాత్రం అనుకోకండి. మన హైదరాబాదులోనే 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. పొలం పనో, గుమాస్తా ఉద్యోగమో, సంసారమో మధ్యలో చదువును ఆపించినవారికి అది తలుపు తెరిచింది. పై తరగతుల సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్నది. పాఠాలను తెలుగులో అచ్చువేసి ఇంటికి పంపింది, రేడియోలో వినిపించింది, సెలవురోజుల్లో ఖాళీగా ఉండే కాలేజీ గదులనే అధ్యయన కేంద్రాలుగా వాడుకున్నది. దాని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డిగారే తరువాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి ఉపాధ్యక్షులయ్యారు. ఎవరు చదవవచ్చు, ఎక్కడ చదవవచ్చు, ఎప్పుడు చదవవచ్చు అనే మూడు నియమాలనూ ఒక విశ్వవిద్యాలయం మార్చగలిగింది. ఏమి అడగాలి అన్న నాలుగవ నియమం దగ్గరే అందరూ ఆగిపోతున్నారు.

ఈమధ్య అక్కడా కొంచెం కదలిక కనిపిస్తున్నది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2014లో తొమ్మిది, పదకొండు తరగతులకు ఒక రకం తెరచిన పుస్తకం పరీక్ష పెట్టి, 2017–18కల్లా మానివేసింది. ఆ పరీక్షలో ఏయే పాఠ్యభాగం మీద ప్రశ్నలుంటాయో ముందే ఇచ్చేవారు. ముందే ఇచ్చినదానికి జవాబులు తయారుచేసి పెట్టడం మనవాళ్ళకు ఎంతసేపు? మళ్ళీ 2025లో, 2026–27 నుంచి తొమ్మిదవ తరగతికి తెరచిన పుస్తకం పరీక్షలు పెట్టే ప్రతిపాదనను ఆ మండలి ఆమోదించింది. మంచిదే. కాని పుస్తకాన్ని తెరిచి బీరువాకు తాళం వేసి ఉంచితే సగం పనే అవుతుంది.

ఇదంతా పెద్దలు చేయవలసినది, మేమేం చేయగలం అంటారేమో. తాళంచెవి అడగగలరు. మర్యాదగా, జట్టుగా వెళ్ళి, "పగిలిన వస్తువు మేము చందా వేసుకుని కొంటాం, వారానికొక పీరియడు తెరవండి మేష్టారూ" అని అడిగి చూడండి. చాలామంది మేష్టర్లు ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారని నా నమ్మకం.

ఇవ్వనన్నా ఫరవాలేదు. 1978లో హోశంగాబాద్ వచ్చి కొన్ని నెలలు గడిపిన అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు, బీరువాతో పనిలేని ప్రయోగం ఒకటి కనిపెట్టాడు. సైకిలు వాల్వు ట్యూబును చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు తయారుచేశాడు. మీరు కూడా పుల్లల మందు గీకివేసి, నాలుగు పుల్లలతో ఒక చతురస్రం, మూడింటితో ఒక త్రిభుజం చేయండి. ఒక్కొక్కదాని మూలను వేలితో నొక్కండి. రెండింటిలో ఒకటి ఒరిగిపోతుంది, ఒకటి కదలదు. ఏది ఒరిగిందో నోటుబుక్కులో రాసుకోండి. తరువాత మీ ఊరి సెల్‌ఫోను టవరు దగ్గరకు వెళ్ళి తల ఎత్తి చూడండి. రాజమండ్రి వైపు వారైతే గోదావరి మీది రోడ్డు-రైలు వంతెన ఇనుపచట్రాన్ని చూడండి. అక్కడ ఎన్ని త్రిభుజాలున్నాయో లెక్కపెట్టి, ఎక్కడైనా వట్టి చతురస్రం కనిపిస్తే అది ఎందుకు ఒరగలేదో మీ జట్టులో వాదించుకోండి.