గొంతులో క్రిమి ఉన్నంత మాత్రాన బిడ్డ రోగియా?

మొన్న మిరప కోతల రోజులలో, కొత్తపట్నములో ఒక తల్లి ఎనిమిదేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినది. బిడ్డకు జ్వరము లేదు, గొంతునొప్పి లేదు. చక్కగా తింటున్నాడు, ఆడుకుంటున్నాడు. నెల క్రిందట జలుబు చేసినపుడు చేయించిన గొంతు పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అను క్రిమి కనబడినదట. మందు మింగించి మరల పరీక్ష చేయిస్తే మరల అదే కనబడినదట. "అయ్యా, ఈ పురుగు పోయేదాకా మాత్రలు మార్చి మార్చి వేయాల్నా?" అని అడిగినది.

పాఠకులు ముందుగా ఒక సంగతి గ్రహించవలెను. వివిధ దేశములలో ఆరోగ్యవంతులైన పిల్లల గొంతులను పరీక్షించిన అధ్యయనములను కలిపి 2010లో లెక్కవేయగా, నూటికి సుమారు 12 మందిలో ఈ క్రిమి ఉన్నట్లు తేలినది. వీరు వాహకులే గాని రోగులు కారు. వీరి వలన ఇతరులకు అంటుట అరుదు. వీరికి కీళ్ళవాతజ్వరము వచ్చు భయము కూడ బహు స్వల్పము. విత్తు ఉన్నంత మాత్రాన పైరు కాదు, నేలయు పదనును కుదరవలెను గదా!

అట్టి బిడ్డకు పదే పదే యాంటిబయాటిక్ పోయుట వలన నష్టమేమి? మన పత్తి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఒకే జాతి మందులు పదే పదే చల్లగా పచ్చపురుగు లొంగలేదు, తెల్లదోమ విజృంభించినది, చేలు పోయినవి, రైతులు ప్రాణములు తీసుకొన్నారు. గొంతులోను జరుగునది అదే. స్ట్రెప్టోకాకస్ ఎనభై ఏళ్ళుగా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉన్నది. కాని ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ జాతి మందులకు లొంగని రకములు అనేక దేశములలో బయలుదేరినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వీనిని జాగ్రత్త వహించవలసిన క్రిముల జాబితాలో చేర్చినది. దుకాణములో అడిగి కొన్న మూడు మాత్రల అలవాటు ఎక్కడికి దారితీయునో ఆలోచించండి.

అయితే, "వైద్యులుగారే యాంటిబయాటిక్ వద్దన్నారు" అని ఎవరును నా మాటను సగము పట్టుకొని పోకూడదు. నా తప్పు ఒకటి చెప్పుకొంటాను. ముప్పై ఏళ్ళ క్రిందట పదేళ్ళ బాలికను గొంతునొప్పితో, జ్వరముతో తెచ్చినారు. నేను తుండికేరి అని నిర్ణయించి త్రిఫలా కషాయముతో గండూషము చేయించినాను. జ్వరము తగ్గినది, సంతోషించినాను. మూడు వారములకు మోకాళ్ళు, చీలమండలు వాచినవి. ఆ పిమ్మట గుండె కవాటము చెడినదని తేలినది. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల పెన్సిలిన్ పడి ఉంటే ఆ ముప్పు చాలవరకు తప్పేది. ఆ మందు నా శాస్త్రములో లేదని ఆ బిడ్డను పంపకుండుట నా అహంకారము.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠము చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావుగారే తరువాత అమెరికాలో, 1948లో వెలువడిన ఆరియోమైసిన్ పరిశోధనకు సారథ్యము వహించినారు. ఆ మహనీయునికి అడ్డురాని గోడ మనకెందుకు?

కనుక తల్లులకు నా మనవి. జలుబు, దగ్గు, బొంగురుగొంతు ఉంటే అది ప్రాయికముగా ఈ క్రిమి పని కాదు. మిరపకాయల ఘాటుకు మండిన గొంతు అసలే కాదు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీటితో పుక్కిలించుట, పసుపు మిరియాల పాలు ఉపశమనమునకు చాలును. అట్లుగాక హఠాత్తుగా జ్వరము, మ్రింగలేని నొప్పి, ఎర్రబడి తెల్లని మచ్చలు వేసిన టాన్సిల్స్, దవడ క్రింద నొప్పిగల బిళ్ళలు ఉండి, దగ్గు జలుబు లేనిచో ఆ రోజే డాక్టరుకు చూపవలెను. పది రోజుల పెన్సిలిన్ వ్రాసినచో పది రోజులును మింగించవలెను. మూడవ నాటికి నొప్పి పోయినదని మానకూడదు. ఒకసారి కీళ్ళవాతజ్వరము వచ్చిన బిడ్డకు మూడు, నాలుగు వారములకొకసారి వేయించు ఇంజెక్షను ఏ కషాయమును నమ్మి ఆపకూడదు. అట్టి బిడ్డ ఉన్న ఇంట మాత్రము వాహకుల విషయము డాక్టరు చూడవలసినదే.

ఆ తల్లిని, ఇంట ఎవరికైన అట్టి గుండెజబ్బు ఉన్నదా అని అడిగినాను. లేదన్నది. పిల్లల డాక్టరుతో మాట్లాడినాను, ఆయన అభిప్రాయమును అదే. "అమ్మా, మాత్ర వద్దు, మరల పరీక్షయు వద్దు. పిల్లవానిని బడికి పంపు. జ్వరము, గొంతునొప్పి కలిసి వచ్చిననాడు మాత్రము ఆలస్యము చేయక డాక్టరు దగ్గరకు పో" అని చెప్పి పంపినాను.